దిమ్మ దెబ్బలు

సూర్యుడు తూర్పు గట్టు మీద

దాలమ్మ బతికింది. ముందు ఆ మాట రాసుకుని మిగతాది రాస్తాను.

రేవులో మంచు దిమ్మ తగిలిందని పొద్దున ఆమెను మోసుకొచ్చారు. మా చంద్రరేవుకు మంచే పంట. ఎప్పుడూ ఎండ పడని లోయల్లోంచి దాన్ని తవ్వి, ఎడ్లబండంత దిమ్మలుగా కోసి, పట్టాల మీద రేవుకు తెస్తారు. గాలి లేని ఆ రేవులో ఆడవాళ్ళు ఒళ్ళంతా కప్పే తొడుగులు వేసుకుని వాటిని చేతులతో, తుంటితో తోసి ఓడల తొట్టెల్లోకి మళ్ళిస్తారు. భూమ్మీద పదిమంది కదపలేని దిమ్మను ఇక్కడ ఒక్క మనిషి కదుపుతుంది. చందమామ మీద దాని బరువు ఆరో వంతే. కానీ ఒకసారి కదిలాక దాన్ని ఆపడం భూమ్మీద ఎంత కష్టమో ఇక్కడా అంతే. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఒంటికి పట్టదు. మెల్లగా, దూదిపింజలా వస్తున్నదాన్ని చూసి ఎవరికి భయం వేస్తుంది? దాలమ్మకూ వేయలేదు. దిమ్మ వచ్చి ఆమెను అరుగు అంచుకు అదిమేసింది.

పైకి ఏమీ లేదు. బొడ్డు కింద కాస్త కమిలింది, అంతే. "నొప్పి తగ్గింది మేడమ్, ఇంటికెల్లిపోతాను" అంటోంది. స్కానింగ్ తెర మీద చూస్తే కడుపు నిండా నీరు. దెబ్బ తిన్న కడుపులో నీరు కనిపిస్తే అది రక్తమేనని మొదట అనుకుంటాం. విశాఖలో చదువుకునే రోజుల్లో మా మాస్టారు తాటిచెట్టు మీంచి పడ్డవాణ్ణి, ఎద్దు పొడిచినవాణ్ణి, బస్సు స్టీరింగుకు గుద్దుకున్నవాణ్ణి చూపించి, లోపల ఏది చిరిగి ఉంటుందో కోయకముందే చెప్పమనేవారు. ఎడమ పక్కటెముకలు విరిగితే ప్లీహం చూడాలి. కుడివైపైతే కాలేయం. కడుపు మీద అడ్డంగా నొక్కుకుంటే వెన్నుకు అదుముకుని పేగు చిరుగుతుంది. దాలమ్మకు పేగును పట్టి ఉంచే పొర చిరిగి రక్తం కారుతోందనుకుని కోశాను.

రక్తం లేదు. గడ్డిరంగు నీళ్ళు పొంగి వచ్చాయి.

"ఇది రక్తం కాదు మేడమ్," అన్నాడు మా నర్సు గౌరీశు, పీల్చే గొట్టం పట్టుకుని.

వాసన చెప్పేసింది. మూత్రం. మూత్రాశయం నెత్తిన రెండు వేళ్ళు దూరేంత చిరుగు ఉంది.

రెండు వరసలుగా కుట్టాను. గొట్టం వేశాను. కుట్టు అతుక్కునేదాకా ఆ గొట్టంతోనే ఉండాలి. మిగతా కడుపంతా చేత్తో తడిమి చూశాను. పేగుకు, కాలేయానికి, ప్లీహానికి ఏమీ కాలేదు. పెళ్ళై ఏడాది కాలేదట. మెలకువ రాగానే "పిల్లలు పుడతారా?" అని అడిగింది. పుడతారని చెప్పాను. నిజమే చెప్పాను.


సూర్యుడు ఓడల గట్టు మీద

దాలమ్మ తర్వాత ఇద్దరు. ఇద్దరూ రేవు ఆడవాళ్ళే, ఇద్దరికీ అదే చిరుగు.

రెండో ఆమె దెబ్బ తగిలాక ఇంట్లోనే పడుకుంది. కడుపు ఉబ్బి, వాంతులు పట్టాక తెచ్చారు. రక్తపరీక్ష చూస్తే మూత్రపిండాలు రెండూ చెడిపోయినట్టే ఉంది. అవి నిక్షేపంగా ఉన్నాయి. కడుపులోకి కారిన మూత్రాన్ని లోపలి పొర మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటోంది. చిరుగు కుట్టి, కడుపు కడిగితే రక్తం దానంతటదే బాగుపడింది.

నన్ను తొలుస్తున్నది వేరే. దిమ్మలు ఓడల్లో పనిచేసే మగవాళ్ళకూ తగులుతున్నాయి. అదే అరుగు, అదే ఎత్తు అంచు. ఇక్కడ పెరిగిన ఎముకలు పలచన కాబట్టి కొందరికి కటి ఎముక బీట వారుతోంది. మందు తీసుకుని, కుంటుకుంటూ ఇంటికి పోతున్నారు. ఒక్కడి మూత్రాశయం కూడా పగల్లేదు.

ఖాళీగా ఉన్న మూత్రాశయం కటి ఎముకల చాటున ముడుచుకుని ఉంటుంది. దాని మీద దెబ్బ పడదు. నిండినకొద్దీ పైకి లేచి, బొడ్డు దాకా వచ్చి, దెబ్బకు ఎదురుగా నిలబడుతుంది. నీళ్ళు నింపిన తిత్తిని గట్టిగా నొక్కితే ఎక్కడ పలచగా ఉంటే అక్కడ పగులుతుంది. మూత్రాశయానికి ఆ పలచని చోటు నెత్తిమీదే.

అంటే రేవులో మగవాళ్ళు ఖాళీ చేసుకుంటున్నారు. ఆడవాళ్ళు చేసుకోవడం లేదు. ఎందుకని?


సూర్యుడు ఇంకా ఓడల గట్టు మీదే

దాలమ్మను అడిగితే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. పక్కనే ఆమె పినత్త సన్యాసమ్మ కూచుని ఉంది. రేవు ఆడవాళ్ళకు ఆమే మేస్త్రి. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఆమె వస్తుంటే మా వార్డు తలుపు ముందే పక్కకు తప్పుకుంటుందని గౌరీశు వేళాకోళం చేస్తాడు. అలాంటి మనిషి కూడా నేను అడిగినదానికి ముందు నేలచూపులు చూసింది.

"అదీ ఒక మాటేనా డాకటరమ్మా. ఆడకూతురు ఆపుకోకపోతే ఏటి సేత్తాది?"

"ఎందుకు ఆపుకోవాలమ్మా?"

"పాత తొడుగులుండీవి సూడు, ఏనుగు తోలంత మందం. ఒల్లంతా ఒరుసుకుపోయీది గాని లోపల పీల్చుకునే గుడ్డ ఉండీది. కొత్తయి సన్నంగా, తేలిగ్గా, ఎంత బాగున్నాయో. మగోల్లకి గొట్టం ఎట్టారు. మనకేటెట్టాలో ఇంకా ఆలోసిత్తన్నారంట."

"లోపలికి వచ్చి వెళ్ళొచ్చుగా?"

"రేవు తలుపు తీసినప్పుడల్లా గాలి పోతాదంట. డూటీ మారినప్పుడే తీత్తారు. అందాకా బిగబట్టుకోడమే." ఆగింది. "అందుకే నీల్లు తాగొద్దని మా ఆడగుంటలకి సెప్తాను. ఈ పిల్ల ఇనలేదు, తాగింది. ఇలగయ్యింది."

దుప్పటి కింద దాలమ్మ ఏడుస్తోంది. తాగినందుకు తిట్టిందనుకుంది.

"తాగడం తప్పు కాదు," అన్నాను.

"నీకు తెల్దమ్మా," అంది సన్యాసమ్మ. కోపంగా కాదు. పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

ఆమె చేతిమీద చర్మం పట్టుకుని లాగి వదిలాను. మడత అలాగే నిలబడిపోయింది. ఎన్నాళ్ళ నుంచి దాహంతో పని చేస్తోందో. మంచు దిమ్మల మధ్య.


సూర్యుడు గని గట్టు మీద

రేవు అధికారి తవిటినాయుడి దగ్గరికి వెళ్ళాను. తిడతాడేమోనని సిద్ధపడి వెళ్ళాను. కుర్చీ చూపించి, టీ తెప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"మీరు చెప్పేదాకా నాకు తెలీదండి. మా ఆవిడ పెళ్ళికి ముందు ఆ రేవులోనే చేసింది. ఒక్కనాడు నోరిప్పి చెప్పలేదు."

"మీరు అడిగారా?"

"అడుగుతామా అండీ?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

తొడుగుల్లో ఆడవాళ్ళకు కావలసిన అమరిక వచ్చే ఓడలో వస్తుందన్నాడు. పోయిన ఓడకూ అదే మాట చెప్పారట. రేవు తలుపు పెద్దది, తీసిన ప్రతిసారీ గదిలోని గాలంతా పూర్తిగా వెనక్కి రాదు, గాలి యంత్రం పాతది. అవన్నీ నిజాలే. చివరికి డ్యూటీ మధ్యలో ఒకసారి తలుపు తీయడానికి ఒప్పుకున్నాడు. పై వాళ్ళతో తనే మాట్లాడుకుంటానన్నాడు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "మేడమ్, ఈ సంగతి మీరు వచ్చి చెప్పినట్టు ఆడవాళ్ళకు తెలియాలా?" అని అడిగాడు. వాళ్ళు సిగ్గుపడతారని అతని బాధ. నేనే చెప్పానని తెలిస్తే తప్పేం లేదన్నాను.


సూర్యుడు మళ్ళీ తూర్పు గట్టు మీద

సూర్యుడు ఇక్కడ నెత్తిమీదికి రాడు. నెలంతా గట్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆ చుట్టు పూర్తయింది. తలుపు తీయడం మొదలయ్యాక ఒక్క మూత్రాశయం కుట్టలేదు.

దిమ్మలు తగలడం మానలేదు. ఒకామెకు మోకాలు, ఒకామెకు పక్కటెముక. ఆ రెండో ఆమెను ప్లీహం కోసం రెండు రోజులు పడుకోబెట్టి చూసి పంపేశాను. మామూలు ఆసుపత్రి పని. దాలమ్మకు గొట్టం తీసేశాం. మొదటిసారి తనంతట తాను వెళ్ళి వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా మంచం మీద కూచుని నవ్వుకుంటోంది.

సన్యాసమ్మ ఆమెను తీసుకుపోవడానికి వచ్చి, నా కోసం తనింట్లో పెంచిన బచ్చలాకు ఒక కట్ట తెచ్చింది. "పప్పులో ఏసుకో. నీ ఒంట్లోనూ నెత్తురు నేదు," అంది. మధ్యలో తలుపు తీయడం ఎలా ఉందని అడిగాను. "ఏటుంటాది, పేనం లేసొచ్చినట్టుంటాది," అని నవ్వి, వెంటనే చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

బచ్చలాకు పప్పు వండుకుని తృప్తిగా తిన్నాను. పని అయిపోయిందనుకున్నాను.


సూర్యుడు గని గట్టు దాటుతుండగా

గాలి యంత్రంలో ఏదో పాడైంది. ఊరంతటికీ పొదుపు. ఆసుపత్రిలో కూడా ఒక వార్డు మూసి అందరినీ ఒకే గదిలోకి తెచ్చాం. రేవులో మధ్యలో తలుపు తీయడం ఆపేశారని గౌరీశు చెప్పాడు. కొద్ది రోజులేనట.

సన్యాసమ్మకు కబురు పెట్టాను. పని ఒప్పుకోవద్దని, నేను మాట్లాడతానని. జవాబు ఆమే వచ్చి చెప్పింది.

"ఊరందరికీ గాలి తక్కువైనప్పుడు మా ఒంటికోసం తలుపు తియ్యమంటామా? జనం నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ."

"నువ్వు సదువుకున్నదానివి, నువ్వు అనగలవు." నా చెయ్యి పట్టుకుంది. "కొన్నాల్లే గదా. ముందలాగే సూసుకుంటాం. గుంటలకి నీల్లు మానిపించాను. ఇంక బుడగ పగల్దు, బెంగెట్టుకోకు."

బుడగ పగలదు. ఖాళీ మూత్రాశయం పగలదని వాళ్ళకు బుడగ పోలికతో చెప్పింది నేనే. నీళ్ళు మానితే ఇంకేమవుతుందో కూడా చెప్పాను. విన్నది. తల ఊపింది. వెళ్ళిపోయింది.


సూర్యుడు పడమటి గట్టు మీద

సన్యాసమ్మ పోయింది.

రెండు దిమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయట. ముందుదాని దారిలో ఒక పిల్ల ఉంటే ఆమెను పక్కకు నెట్టి తను నిలబడింది. ముందు నుంచి దిమ్మ, వెనక అరుగు. కటి ఎముక ముందు భాగంలో అతుకు విడిపోయి, పుస్తకం తెరిచినట్టు రెండు పక్కలకూ తెరుచుకుంది. అలా తెరుచుకున్నప్పుడు వెనక ఉన్న రక్తనాళాల జాలం చిరిగి, లోలోపలే రక్తం పోతుంది. దానికి అడ్డుగోడ ఉండదు. ఎంత పోయినా పడుతుంది. బయటికి ఒక్క చుక్క కనబడదు.

దుప్పటి మడిచి తుంటి చుట్టూ బిగించి కట్టాం. తెరుచుకున్న ఎముక దగ్గరపడింది. రక్తపోటు మాత్రం లేవలేదు. మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని ఆమె తట్టుకోలేకపోయింది. రక్తం పోకముందే ఆ ఒంట్లో నీళ్ళు లేవు. పెదాలు బీటలు వారి ఉన్నాయి.

రక్తం కావాలన్నాం. రేవు ఆడవాళ్ళంతా తొడుగులు కూడా పూర్తిగా విప్పకుండా పరుగున వచ్చి చేతులు చాపారు. గౌరీశు ఒకరి తర్వాత ఒకరి చెయ్యి బిగించి, తట్టి, రుద్ది చూశాడు. సూదికి నరం దొరకలేదు. అందరి నరాలూ ఎండిపోయి లోపలికి అణిగి ఉన్నాయి. "ఇంకొకసారి సూడు బాబూ, నాకుంటాది," అని ఒకామె బతిమాలుతోంది. చివరికి ఓడల మగవాళ్ళను పిలిపించాం. ఆలోగా జరగాల్సింది జరుగుతూనే ఉంది.

మత్తు ఇవ్వబోతుంటే ఆమె నా కొంగు పట్టుకుంది.

"డాకటరమ్మా, నాకు ఒంటికెల్లాల."

"ఇక్కడే కానియ్యమ్మా. ఏం పర్లేదు."

"ఇందరి ముందా?" అని గౌరీశు వైపు చూసింది.

గౌరీశు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను గొట్టం వేశాను. వచ్చింది కొంచెం, కాఫీ డికాషన్ రంగులో. అందులో నెత్తురు లేదు. మూత్రాశయం చెక్కుచెదరలేదు.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయిందమ్మా."

"అమ్మయ్య," అంది.

కోసి, లోపల గుడ్డలు కుక్కి అదిమాను. ఆడవాళ్ళ రక్తం కోసం వృథా అయిన ఆ కాసేపే దొరికి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. తెలీదని రాయడం నిజాయితీ. తెలియకపోవడం వల్ల బాధ తగ్గుతుందని కాదు.


పడమటి గట్టు మీదే

ఆమెను గని పక్కన పూడ్చారు. మగవాళ్ళు మోశారు. ఆరో వంతు బరువే కదా, నలుగురు అక్కర్లేదని ఎవరో అంటే తవిటినాయుడు గట్టిగా కసిరి తనే పాడె కొమ్ము ఒకటి పట్టాడు.

మర్నాడు డ్యూటీ వేళకు రేవు ఆడవాళ్ళు లోపలి గుమ్మం దగ్గర బాసింపట్లు వేసుకుని కూచున్నారు. ఒక్కొక్కరి చేతిలో చెంబు. తవిటినాయుడు నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి నీళ్ళు తాగుతున్నారు. మెల్లగా, గుక్కగుక్కగా, అందరూ చూస్తుండగా.

దాలమ్మ ముందు వరసలో ఉంది. ఇంకా పనికి పంపకూడదని నేను రాసిచ్చాను. పనికి కాదు, కూచోవడానికి వచ్చానంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు తవిటినాయుడు.

"నీల్లు తాగుతున్నాం బాబూ."

"తాగి?"

"తాగి పనికెల్తాం. మాకొచ్చినప్పుడు తలుపు తియ్యాల."

"గాలి యంత్రం సంగతి మీకు తెలుసు గదమ్మా. తియ్యలేకపోతే?"

"తియ్యలేకపోతే ఎల్లం. దిమ్మలు నువ్వే తోసుకో."

దాలమ్మ తల దించలేదు. వెనక ఎవరో ముసలామె, "సెప్పు తల్లీ, ఒంటికెల్లడానికని గట్టిగా సెప్పు. ఇంకేటి దాపరికం," అంది. వరసంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు.

తవిటినాయుడు ఆ నేలమీదే, వాళ్ళకెదురుగా కూలబడ్డాడు. కాసేపటికి, "ఆ చెంబు ఇటియ్యమ్మా," అని అడిగి తనూ తాగాడు.


సూర్యుడు తూర్పు గట్టుకు తిరిగి వచ్చాక

పరిష్కారం తుక్కులో దొరికింది. గనిలోకి మనుషుల్ని మోసే పాత బండి ఒకటి చక్రాలు అరిగి ఓడల గట్టు కింద పడి ఉంది. గాలి నిలిచే చిన్న గది దానికి ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి అరుగు పక్కన నిలబెట్టి, అతుకులు వేసి, లోపల కావలసినవి అమర్చారు. చిన్న గది కాబట్టి తలుపు తీస్తే పోయే గాలి లెక్కలోకి రాదు. గాలి యంత్రం బాగుపడక్కర్లేదు, ఓడ రానక్కర్లేదు. మనుషులు మనసు పెడితే రెండు డ్యూటీల పని.

ఆ బండి అక్కడ ఎన్నేళ్ళ నుంచి పడి ఉందో అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పాలనీ అనుకోలేదేమో. మొదటిసారి తవిటినాయుడి గదిలో టీ తాగుతూ తొడుగుల గురించి, గాలి గురించి అంతసేపు మాట్లాడుకున్నాం. అతని కిటికీలోంచి ఆ బండి కనిపిస్తుంది. మేమిద్దరం దానికి ఎదురుగానే కూచున్నాం.

ఇవాళ తెరిచే రోజు. నేనూ తొడుగు వేసుకుని రేవుకు వెళ్ళాను. ఓడల మగవాళ్ళు ఆ బండి తలుపు మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాల్లో సన్యాసమ్మ పేరు రాసి ఉంచారు. మనసారా రాశారు. అక్షరాల చుట్టూ పువ్వులు కూడా వేశారు.

దాలమ్మ చూసి ఆగిపోయింది. చెవిలో ఆమె గొంతు వినిపించింది, తొడుగుల్లో అందరికీ వినిపించే గొంతు.

"ఈ పేరు తుడిసెయ్యండి."

"ఆమె గౌరవం కోసమే గదమ్మా," అన్నాడు తవిటినాయుడు.

"మా సిన్నత్త ఈ మాట నలుగురిలో అనడానికే సిగ్గుతో సచ్చిపోయేది. అలాంటి గదికి దాని పేరెడతారా? రోజూ వందమంది దాని పేరు సెప్పుకుని ఈడకొస్తారా?" ఆగి, నెమ్మదిగా అంది. "అది సిగ్గుపడకుండా ఉండాల్సింది. ఉండనేదు. ఇప్పుడింక దాని సిగ్గు దానికి వదిలెయ్యండి."

తవిటినాయుడే ముందుకెళ్ళి తన చేతితొడుగుతో రంగు తుడిచాడు. పచ్చిగా ఉందేమో త్వరగానే పోయింది. పువ్వులు రెండు మూడు మిగిలాయి.

దాలమ్మ మొదట లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. పట్టాల మీద దిమ్మలు వచ్చి ఆగి ఉన్నాయి. ఓడ తొట్టె తెరిచి ఉంది. మేమంతా బయట నిలబడ్డాం.

ఆమె బయటికి వచ్చేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.